వాన గిన్నెలో చెంబెడు నీళ్ళు

వర్షమాపకం గరాటు మూతి అయిదు అంగుళాల వెడల్పు ఉంటుంది. అందులో పడిన నీరు లోపలి సీసాలో చేరుతుంది. మరునాడు పొద్దున ఆ నీటిని గాజు కొలపాత్రలో పోసి చూసి, తాలూకాలో ఇంత వాన కురిసిందని రాస్తారు. ఒక తాలూకా అంటే ఎన్నో ఊళ్ళు, చెరువులు, గుట్టలు, బీళ్ళు. వాటన్నిటి తరఫున సాక్ష్యం చెప్పేది ఈ అయిదు అంగుళాల మూతి. ఈ సంగతి మనసులో పెట్టుకోకుండానే జిల్లాలను పాలించవచ్చునని నా ఉద్యోగ జీవితం నాకు చూపించింది.

గణాంక శాఖలో కొత్తగా చేరినవారు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఏ పరీక్ష రాస్తే ప్రమోషన్ త్వరగా వస్తుందని అడుగుతారు. దానికి నా దగ్గర జవాబు లేదు. వాళ్ళు అడగని విషయం గురించి మాత్రం చెప్పవలసింది ఉంది కాబట్టి ఇది రాస్తున్నాను. పోలీసు చర్య తర్వాత ఉద్యోగంలో చేరి, దాదాపు సర్వీసంతా కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల్లోనే గడిపాను. ఏ రోజు విన్నది ఆ రోజే రాసి పెట్టుకునే అలవాటు వల్ల ఇందులోని సంభాషణలు చాలావరకు అప్పటివే. పేర్లు మార్చాను. ముఖ్యమైన సంఘటన జరిగిన తాలూకా పేరు చెప్పను. ఈ రెండు జిల్లాల్లో అది ఎందులో ఉందో కూడా చెప్పను. అక్కడివారు ఎలాగూ గుర్తుపడతారు.

పదహారణాల పంట

నా మొదటి పోస్టింగు ఆదిలాబాదు వైపు, మరాఠీ, తెలుగు కలగలిసి వినబడే పత్తి ప్రాంతంలో. అప్పటికి కచేరీ రాతలు ఉర్దూలోనే సాగేవి. పంట ఎట్లా ఉందో అణాలలో రాసేవారు. పదహారణాలంటే నిండు పంట, ఎనిమిదణాలంటే సగం పంట. ప్రతి ఊరి పట్వారీ ఒక అంకె పంపేవాడు. తాలూకాలో వాటన్నిటినీ కలిపి ఒక అంకె చేసేవారు. ఏ ప్రాంతానికి ఏ సహాయం అవసరమో ఆ అంకెను బట్టి హైదరాబాదులో నిర్ణయించేవారు.

చేరిన కొత్తలోనే రెండు ఊళ్ళ అంకెలు నాకు కొరుకుడు పడలేదు. ఆ ఊళ్ళ మధ్య ఒక చిన్న వాగు తప్ప మరేమీ లేదు. రెండు వైపులా అదే నల్లరేగడి, అదే జొన్న. వాగుకు ఇవతల పన్నెండణాల పంట అని ఉంది, అవతల ఆరణాలని ఉంది. ఇద్దరు పట్వారీలనూ పిలిపించి, అసలు పదహారణాల పంట అంటే ఏమిటని అడిగాను.

"పదహారణాలంటే మా ఆజోబా జమానాల పండిన పంట సాబ్," అన్నాడు ఆరణాలు రాసిన పట్వారీ. ఆజోబా అంటే మరాఠీలో తాత. "గప్పుడు జొన్నచేన్ల ఏనుగు నిలవడ్డ కనవడకపోయేదట."

"నువ్వు సూసినవా గా ఏనుగును?" అన్నాడు రెండోవాడు.

"మా బాపు చెప్పిండు."

"ఇంటున్నరా సాబ్? నేను నిరుడు పండిన పంటను పదహారణాలని పట్టుకున్న. నా కండ్లతోని సూసిన పంట. ఈయన సూడని పంటతోని కొలుస్తుండు."

ఇద్దరూ నిజాయితీపరులే. ఎవరూ అబద్ధం రాయలేదు. ఒకరి గజం పొడుగు, మరొకరిది పొట్టి, అంతే. ఈ విషయం మా అధికారి ముందు పెట్టాను. ఆయన పాత కాలపు మనిషి, మర్యాదస్థుడు. పాన్ బుగ్గన పెట్టుకుని నవ్వారు.

"గింతదానికి పరేషాన్ ఎందుకయ్యా? పన్నెండు, ఆరు కలుపు. సగం చేయి. తొమ్మిది. అయిపాయె."

ఆ తొమ్మిదణాలు ఏ ఊరివీ కావు. వాగుకు ఏ వైపునా ఆ పంట పండలేదు. అయినా ఆ అంకె శుభ్రంగా చేతిరాతలో హైదరాబాదుకు వెళ్ళింది. ఆనాడు కోపంతో నేను రాసుకున్న మాటలు ఇప్పుడు చదివితే కొంచెం ఘాటుగానే ఉన్నాయి. అందులోని అభిప్రాయం మాత్రం మారలేదు. అందరి కొలత ఒకటి కానంతవరకు మనం పంపేవి అంకెల వేషం వేసుకున్న ఊహలు మాత్రమే. పట్వారీ తాతనూ, అధికారి తీరికనూ పక్కన పెట్టి, ఎవరు చూసినా ఒకటే చెప్పే కొలత కావాలని నేను ఆనాటి నుంచి కోరుకున్నాను.

గీతకు పైన, గీతకు కింద

రాష్ట్రాలు కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత తాలూకాల వర్షమాపకాలను తనిఖీ చేసే పని నాకు వచ్చింది. పరికరాలు ముందునుంచీ ఉన్నవే, పట్టించుకున్నవారు తక్కువ. అదే కాలంలో కరువు సహాయం చూడటానికి కోస్తా వైపు నుంచి ఒక అధికారి వచ్చారు. ఆయనను ఇక్కడ వెంకటరత్నంగారు అంటాను. అంతకుముందు కరువు తాలూకాల జాబితా ఎట్లా తయారయ్యేదో అందరికీ తెలుసు. ఎవరి తరఫున పెద్దమనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చుంటే వారి తాలూకా జాబితాలో చేరేది. వెంకటరత్నంగారు వచ్చీ రాగానే ఆ కుర్చీలు తీయించారు.

"వానాకాలం మొత్తం వాన ఈ గీతకు కింద ఉంటే ఆ తాలూకా జాబితాలో ఉంటుంది, పైన ఉంటే ఉండదు. నాతో చెప్పవలసింది మనుషులు కాదండీ, మీ గాజు పాత్ర," అని నాతో మొదటి రోజే అన్నారు.

ఆ మాటకు నేను ఎంత సంతోషించానో దాచను. నేను కోరుకున్న మనిషి దొరికాడనుకున్నాను. ఆ తర్వాత జరిగినదంతా చెప్పిన మీదట కూడా, కుర్చీలు తీయించినందుకు ఆయనను గౌరవిస్తూనే ఉన్నాను.

ఆ ఏడాది ఆషాఢం వట్టిగా పోయింది. శ్రావణంలోనూ మబ్బులు వచ్చి చూసి వెళ్ళిపోయాయి. వరి నార్లు మడిలోనే ఎర్రబడ్డాయి. దసరా నాటికి జాబితా తయారైంది. జాబితాలో చేరిన తాలూకాలకు ఆదిలాబాదు అడవుల నుంచి లారీల్లో గడ్డి వస్తుంది. లేని తాలూకాల్లో పశువులను అంగడికి తోలుకోవడమే. గడ్డి ధర పెరిగి ఎడ్ల ధర పడిపోయిన ఏడాది అంగడికి తోలిన ఎద్దు మళ్ళీ నాగలికి రాదు. ఎద్దు లేని ఇంటికి మరుసటి ఏడాది వాన కురిసినా లాభం లేదు.

ఆ జాబితాలో ఒక తాలూకా లేదు. నేను అంతకు ముందు నెలలోనే దాని గుండా బస్సులో వెళ్ళాను. చెరువుల్లో పిల్లలు గోళీలాడుతున్నారు. దినవారీ రీడింగులు తెప్పించి చూస్తే కారణం కనబడింది. శ్రావణంలో ఒక్క రోజున అక్కడ మూడు అంగుళాలకు పైగా వాన పడినట్టు ఉంది. చుట్టూ ఉన్న తాలూకాలన్నిటిలో ఆ రోజు సున్నా. ఆ ఒక్క రోజు అంకె తాలూకాను గీతకు పైకి ఎత్తి కూర్చోబెట్టింది.

శ్రావణంలో వాన ఊరి పొలిమేరలో ఆగిపోవడం వింత కాదు. అందువల్ల అది తప్పని చెప్పలేను, చూడకుండా ఒప్పనీ చెప్పలేను. బయలుదేరి వెళ్ళాను.

ఖాదర్ కొలిచినది

తాలూకా కచేరీలో రీడింగు తీసే గుమాస్తా పేరు ఖాదర్. నెమ్మదస్తుడు. వర్షమాపకం ఆవరణ మధ్యలో ఉంది కానీ దాని చుట్టూ ఉండవలసిన కంచె లేదు. ముళ్ళ తీగ ఎక్కడికి పోయిందని అడిగాను.

"తహసీల్దారు సాబ్ ఇంటెనుక వంకాయ తోట వెట్టిండు సాబ్. మేకలు పడి మేస్తుంటే తీగ గాడికి పోయింది."

ప్రభుత్వం ఇచ్చిన కంచె వంకాయలను కాపాడుతూ ఉంది. నేను దాన్ని రాసుకుని, ఆ రోజు రీడింగు సంగతి అడిగాను.

"సీసా నిండ నీళ్ళున్నయి సాబ్. కొలిచిన, రాసిన."

"ముందటి రోజు వాన పడ్డదా?"

"నేనైతే సూడలే."

"నేల తడిగ ఉండెనా?"

"చెప్పులకు మట్టంటలే. గరాటు మీద వేపాకులున్నయి. గాలికి వచ్చినయనుకున్న." గరాటు అంచు చూపి తానే అన్నాడు. "అంచుకు పసుపు, కుంకుమ గూడ ఉండె. అవి గాలికి రావు."

"మరి ఎట్ల రాసినవయ్యా?"

"గ్లాసుల ఎంతుంటె గంత రాయాలని మీరే గద సాబ్ చెప్పింది? పోయి తహసీల్దారు సాబ్ కు చెప్పిన. ఫారంల వేపాకులకు గడి ఉన్నదా, పసుపుకు గడి ఉన్నదా అని అడిగిండు. లేదన్న. లేకుంటె రాయకన్నడు."

దీని గురించి కొత్తవారు జాగ్రత్తగా ఆలోచించాలి. ఖాదర్ సున్నా అని రాసి ఉంటే చాలామంది అతన్ని మెచ్చుకునేవారు. నేను మెచ్చుకోను. నేల పొడిగా ఉందని కొలతను కొట్టివేసే గుమాస్తా, రేపు నేల తడిగా ఉందని కొలతను పెంచగలడు. అతను చూసినది చూసినట్టు రాశాడు, అనుమానం కలిగితే పైవాడికి చెప్పాడు. చేయవలసింది అంతే. అనుమానాన్ని రాయడానికి చోటు ఇవ్వని ఫారం తయారు చేసినది మా శాఖ. ఉన్న నోటిని మూయించినది తహసీల్దారు. ఆయన అంతటితో ఆగలేదు. సర్కారు పరికరాన్ని ముట్టినవారిని జైల్లో వేయిస్తానని ఆ పక్క వాడలో చాటింపు వేయించాడు. అందుకే తర్వాత ఎవరూ నోరు విప్పలేదు.

సర్కారు ఇల్లు

వేపాకు, పసుపు, నీళ్ళు అంటే ఈ ప్రాంతంలో పుట్టినవాడికి వేరే చెప్పనవసరం లేదు. వాన రాని ఏడాది కప్పతల్లి ఆడతారు. రోకలికి వేపమండలు, వాటి మధ్య ఒక కప్పను కట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ప్రతి ఇంటి ఆడమనిషి బయటికి వచ్చి కప్ప మీద చెంబెడు నీళ్ళు పోయాలి.

కచేరీ వెనక వాడకు వెళ్ళాను. నలుగురైదుగురు ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్నారు. కచేరీ మాట ఎత్తగానే అందరి తలలూ వంగిపోయాయి. ఒకామె మాత్రం చేతిలోని చింతపండు పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. పేరు రాజవ్వ. మగడు పోయాడు. చెరువు కింద కొద్దిగా పొలం, ఒక జత ఎడ్లు ఉన్నాయి. ఆ ఎడ్లు ఎదురుగా కొట్టంలోనే కట్టేసి ఉన్నాయి, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు.

"ఎందుకు సారూ అడుగుతున్నవు? ఎవలనన్న పట్కపోతరా?"

జాబితా సంగతి, గీత సంగతి, గడ్డి సంగతి చెప్పాను. ఆ ఒక్క రోజు నీళ్ళు వాన నీళ్ళు కావని రుజువైతే తప్ప గడ్డి రాదని చెప్పాను. ఆమె చాలాసేపు ఎడ్ల వైపు చూసింది.

"నేనే పోసిన," అంది.

పక్కనున్నామె మోచేత్తో పొడిచింది. రాజవ్వ ఆగలేదు.

"ఇంటింటికి తిరిగినం. అందరు పోసిండ్రు. ఒక్క ఇల్లు తప్పినా ఫలం దక్కదు గద సారూ. కచేరి గూడ ఒక ఇల్లే. సర్కారు ఇల్లు. మరి సర్కారింట్ల పోసెటందుకు ఆడిది లేకపాయె. లోపల ఇద్దరు జవాన్లు బీడీలు తాగుతున్నరు, ఆళ్ళు పోస్తె నడుస్తదా? అందుకని సర్కారు తరఫున నేనే పోసిన. వాన పట్టెటందుకు సర్కారు పెట్టుకున్న గిన్నె గదేనాయె. కప్పను దాని మీద పట్టి, చెంబెడు పోసి, బొట్టు పెట్టిన. అందరి కన్న సర్కారు పోసిన నీళ్ళకు వానదేవుడు భయపడ్తడనుకున్నం."

ఇందులో తప్పు ఎక్కడుందో వెతికాను. దొరకలేదు. ఆ పద్ధతికి ఒక నియమం ఉంది, ఆమె దాన్ని ఏ ఇల్లూ విడిచిపెట్టకుండా పాటించింది. మా తనిఖీ మనుషులు అంత శ్రద్ధగా ఇంటింటికీ తిరిగిన సందర్భాలు నాకు ఎక్కువ తెలియవు.

"గీ మాట పై అధికారి ముంగట చెప్తవా రాజవ్వా? కాయితం మీద ఏలిముద్ర వెయ్యాలె."

"జేల్ల ఎయ్యరు గద?"

"ఎయ్యరని నేను చెప్పలేను."

"గదేంది సారూ! ఎయ్యరని అబద్ధమన్న చెప్పవైతివి."

"నాకు తెల్వనిది చెప్ప."

"గీయన ఎంబడి పోకే వదినె," అంది పక్కనున్నామె. "అబద్ధం గూడ ఆడరానోడు నిన్నేం కాపాడుతడు?"

అందరూ నవ్వారు, రాజవ్వ కూడా నవ్వింది. నవ్వు ఆగిన తర్వాత లేచి, కొట్టంలోకి వెళ్ళి, ఎడ్ల ముందు ఎండిన మోదుగాకు రెండు పిడికిళ్ళు వేసి వచ్చింది.

"గది తింటలేవు సారూ. చేదుంటదట," అంది. "రేపటి బస్సుకు వస్త."

రెండు ఉత్తర్వులు

జిల్లా కేంద్రంలో వెంకటరత్నంగారి గదిలోకి రాజవ్వ చంకలో చెంబుతో వచ్చింది. ఆ రోజు పోసిన చెంబే తెమ్మని నేను చెప్పాను. ఆయన ముందు నా వైపు చూశారు.

"ఏమండీ, ఒక్క అంకెను మీ మాట మీద కొట్టేశాననుకోండి. రేపు ప్రతి తాలూకా నుంచీ ఒక కథతో వస్తారు. నేను తీయించిన కుర్చీలు మళ్ళీ వేయించాలి. ఒప్పుకుంటారా?"

ఒప్పుకున్నాను. ఆ మాట సరైనదే.

"అందుకని కథలు వద్దు. నాకు రుజువు కావాలి." తర్వాత ఆమెను అడిగారు. "ప్రభుత్వ పరికరంలో నీళ్ళు పోయటం నేరమని తెలుసా అమ్మా?"

"తెల్వది దొరా. కచేరి బాయిల నీళ్ళు తోడితె తిట్టిండ్రు గని, పోస్తె తిట్టుడు ఇప్పుడే సూస్తున్న."

ఆయన నవ్వలేదు. నా కొలపాత్ర బల్ల మీద పెట్టించారు. ఖాళీ వర్షమాపకం ఒకటి గోదాము నుంచి తెప్పించారు. రాజవ్వ చెంబు నిండా నీళ్ళు పట్టి, ఆ రోజు పోసినట్టే పోసింది. నేను కొలిచాను. ఖాదర్ రాసిన అంకెకన్నా కొంచెం ఎక్కువ వచ్చింది.

"సరిపోలేదే," అన్నారు వెంకటరత్నంగారు.

"గియ్యాల కప్ప లేదు గద దొరా," అంది రాజవ్వ. "ఆనాడు కప్ప మీద పోసిన. అది కాళ్ళు తన్నుకుంటె కొన్ని బయట పడ్డయి."

ఆయన కలం మూత తీశారు. నేను ఆమె చెప్పినదంతా రాసి, చదివి వినిపించాను. వేలిముద్ర వేసే ముందు రాజవ్వ చేయి ఒకసారి వెనక్కి పోయింది. "ఎడ్లకు గడ్డి వస్తది గద సారూ?" అని నన్ను అడిగింది. ఇది తెలిసిన విషయం కాబట్టి వస్తుందని చెప్పాను. వేలిముద్ర వేసింది.

వెంకటరత్నంగారు ఆ కాగితం మీద రెండు ఉత్తర్వులు రాశారు. మొదటిది, ఆ రోజు రీడింగు రద్దు, తాలూకాను జాబితాలో చేర్చడం. రెండవది, పరికరంలో నీళ్ళు పోసినందుకు ఈమె మీద తగిన చర్య తీసుకోవలసిందిగా తహసీల్దారుకు పంపడం. ఒకే కలం, ఒకే సిరా. నేను అభ్యంతరం చెప్పాను.

"ఆమె పోయలేదంటే వాన నిజం. పోసిందంటే నేరం నిజం," అన్నారు ఆయన. "నాకు అనుకూలమైన సగం మాత్రం తీసుకోమంటారా?"

తర్కంలో లోపం లేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ తర్కం నాకు ఒంట పట్టలేదు. నిజం చెప్పినవారికి శిక్ష పడే చోట రెండోసారి ఎవరూ నిజం చెప్పరు. ఆ తర్వాత ఆ చోట సేకరించే ప్రతి అంకె అంతకంతకూ నిరుపయోగమవుతుంది. దయాదాక్షిణ్యాల సంగతి పక్కన పెట్టండి. కేవలం మంచి అంకెలు కావాలనుకునే అధికారి అయినా రాజవ్వను కాపాడి ఉండాలి.

ఇంకొక మాట. రద్దు చెల్లింది కరువు జాబితాకే కాబట్టి, వాన లెక్కల్లో కూడా ఆ రోజు అంకెను దిద్దమని పై కార్యాలయానికి నేను చాలాసార్లు రాశాను. సంవత్సరాంతంలో అచ్చయిన పుస్తకంలో ఆ వాన అట్లాగే ఉంది. ఆ ప్రాంతపు సగటు వానను బట్టి చెరువులకు, కాలువలకు పథకాలు వేసేవారు దాన్ని కూడా కలుపుకునే లెక్క వేస్తున్నారు.

గడ్డి

పదిహేను రోజుల్లోపే ఆ తాలూకాకు గడ్డి లారీలు వచ్చాయి. పంపిణీలో తూకం సరిచూసే పనికి నన్ను వేశారు. కచేరీ ముందు కాటా కట్టారు. ఖాదర్ పేర్లు పిలుస్తున్నాడు. లారీ నుంచి మోపులు దించి కాటా దగ్గరికి మోసుకొచ్చేది ఊరి ఆడవాళ్ళే. రాజవ్వ వాడ వంతు వచ్చింది. అందరి పేర్లూ పిలిచారు, ఆమె పేరు రాలేదు.

ఖాదర్ కాగితం నా వైపు తిప్పి చూపాడు. ఆమె పేరు మీద గీత ఉంది. పక్కన తహసీల్దారు చేతిరాత: చర్యలో ఉన్నవారికి ప్రభుత్వ సహాయం నిలుపుదల.

తహసీల్దారు లోపలే ఉన్నాడు. వెళ్ళి అడిగితే పై నుంచి వచ్చిన ఉత్తర్వు చూపించాడు. వెంకటరత్నంగారికి టెలిఫోను చేశాను.

"నేను చర్య తీసుకోమన్నాను, గడ్డి ఆపమని రాయలేదే," అన్నారు.

"ఇవ్వమని రాయండి."

"ఒక్కరి కోసం ఉత్తర్వు రాయనండీ. ఆ అలవాటు మాన్పించడానికే కదా నేను ఇక్కడికి వచ్చింది?"

టెలిఫోను పెట్టేసి బయటికి వచ్చాను. కాటా దగ్గర తూకం సాగుతూనే ఉంది. అప్పుడు గమనించాను, ఆ వాడ మోపు ప్రతి ఒక్కటీ కాస్త తక్కువ తూగుతున్నది. లారీకి, కాటాకు మధ్య దూరం కొద్ది అడుగులే. ఆ అడుగుల్లోనే ప్రతి ఆడమనిషి నెత్తి మీది మోపులోంచి ఒక పిడికెడు లాగి, గోడ పక్కన పడేసి వస్తున్నది. అక్కడ గడ్డి కుప్ప పెరుగుతున్నది. రాజవ్వను వెళ్ళవద్దని నా ముందు వారించిన ఆమె రెండు పిడికిళ్ళు లాగింది.

తూకం తగ్గినప్పుడు తరుగుకు కారణం రాయడానికి పంపిణీ పట్టికలో ఒక గడి ఉంటుంది.

"దారిల రాలిందని రాయుండ్రి సాబ్," అన్నాడు ఖాదర్ మెల్లగా. "అన్ని తాలూకాలల్ల గట్లనే రాస్తరు. ఎవలు అడగరు."

"దారిల రాలలే గద ఖాదర్. నా ముంగట తీసిండ్రు."

ఆడవాళ్ళు నిలబడిపోయారు. నేను తూగినంత తూకం రాశాను. తరుగు ఎంతో రాశాను. కారణం దగ్గర "రాజవ్వ ఎడ్లకు" అని రాసి సంతకం చేశాను. అది చదివి ఎవరైనా నన్ను అడిగితే చెప్పవలసిన జవాబు కూడా రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. ఆమె మీద కేసు కూడా విచారణకు రాలేదు, కొట్టివేయనూ లేదు. నేను బదిలీ అయ్యే నాటికి అది చర్యలోనే ఉంది.

ఆ రోజు తిరుగు బస్సు కోసం వెళ్తూ వాడలోకి తొంగి చూశాను. ఎడ్లు రెండూ తల ఎత్తకుండా మేస్తున్నాయి. రాజవ్వ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"నా పేరు రాసినవట గద సారూ," అంది. "మల్ల ఇంకో కేసైతదేమో."

"కావచ్చు. జరిగిందే రాసిన."

"రాయి, రాయి," అంది. "ఎడ్లు తిన్నదైతె ఎవ్వలు కక్కియ్యలేరు గద."